తలల లెక్కలో తప్పిపోయిన బడి

పెదబయలు నుంచి ఇంజరి, జామిగూడ, గిన్నెలకోట వైపు వెళ్లేకొద్దీ ఊళ్లు చిన్నవవుతాయి. కొండవాలున పది ఇళ్లు, గెడ్డ దాటితే మరో ఇరవై ఇళ్లు. ఇలాంటి చోట బడి అంటే చాలాసార్లు ఒక రేకుల షెడ్డు, లేదా ఊరివాళ్లు కలిసి వేసిన పాక. అదీ లేకపోతే ఎవరో ఒకరి అరుగు. బడి భవనాలకు డబ్బిచ్చామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. అది అబద్ధం కాదు. మరి ఆ డబ్బు ఘాట్ రోడ్డు ఎక్కి మన ఊరిదాకా ఎందుకు రాదు?

డబ్బు లేక కాదు. వరుస ఎవరు కట్టారు, ఏ కొలతతో కట్టారు అన్నదే అసలు సంగతి.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో 'ఆపరేషన్ బ్లాక్ బోర్డ్' వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికి అన్ని కాలాల్లోనూ పనికొచ్చే రెండు పెద్ద గదులైనా ఉండాలని అప్పుడే మాటిచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని హక్కుగా మార్చింది. ఏ కాలానికైనా నిలిచే భవనం ఉండాలి, ఒక్కో ఉపాధ్యాయుడికి కనీసం ఒక తరగతి గది ఉండాలి అంది. ఉపాధ్యాయుల సంఖ్యను మాత్రం పిల్లల సంఖ్యతో ముడిపెట్టింది. అంటే పిల్లల్ని బట్టి టీచర్లు, టీచర్లను బట్టి గదులు. మైదానంలో ఈ లెక్క సరిపోతుంది. కొండ మీద ఇదే ఉచ్చు అవుతుంది.

ఎలాగో చూడండి. భవనం లేదు కాబట్టి వానాకాలం బడి సరిగా జరగదు. జరగదు కాబట్టి తల్లిదండ్రులు ఆరేడేళ్ల పిల్లల్ని ఆశ్రమ పాఠశాలకు పంపేస్తారు. పంపాక ఊరి బడి హాజరుపట్టీలో పేర్లు తగ్గుతాయి. పేర్లు తగ్గాయి కాబట్టి ఈ ఊరికి భవనం అవసరం లేదని కాగితం తేలుస్తుంది. రోగం వల్ల చిక్కిపోయినవాణ్ణి చూసి, 'ఇంత సన్నటివాడికి కూడెందుకు' అన్నట్టుంది ఈ న్యాయం.

2019 నవంబరు 14న మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడులకు సుమారు 3,669 కోట్ల రూపాయలు కేటాయించారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీలు వచ్చాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతిలో పెట్టడం మంచి పద్ధతి. కానీ ఈ జాబితా చదివితే ఒకటి తెలుస్తుంది. ఇందులో ఎక్కువ పనులు గోడలున్న బడికే పనికొస్తాయి. పాకకు ఫ్యాను ఎక్కడ బిగిస్తాం? 2024 తర్వాత ప్రభుత్వం మారింది, పథకం 'మన బడి-మన భవిష్యత్తు' అయింది. పేరు మారినంత తేలిగ్గా కొలత మారదు.

ఇంకో పక్క ఏకలవ్య మోడల్ గురుకులాలున్నాయి. గిరిజనులు సగానికి మించి, కనీసం 20,000 మంది ఉన్న ప్రతి బ్లాకుకూ ఒకటి ఇస్తామని 2018 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కొండ ప్రాంతాల్లో ఒక్కో ప్రాంగణానికి 48 కోట్లదాకా ఖర్చు పెట్టవచ్చు. అందులో చదివేది 480 మంది. అంటే ఒక్కో విద్యార్థికి 10 లక్షలు. హాస్టలు, సిబ్బంది ఇళ్లు కలిపిన లెక్క ఇది, నిజమే. ఏకలవ్య వద్దని ఎవరూ అనరు. అయితే అక్కడ చదువు మొదలయ్యేది ఆరో తరగతిలో. ఇరవై మంది పిల్లలున్న ఊరికి ఇదే లెక్క కడితే రెండు కోట్లు రావాలి. ఆ ఊరు అడిగేది రెండు గదులు. ఒకటో తరగతి ఊళ్లో నిలవకపోతే ఆరో తరగతి గేటు దాకా చేరేదెవరు?

'ఉన్న డబ్బు కొంచెమే, రెండు వందల మంది ఉన్న బడికి ముందివ్వాలి కదా' అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోడ్డు పక్క పెద్ద బడిలో ఒక గది తగ్గితే పిల్లలు సర్దుకుని కూర్చుంటారు. గెడ్డ అవతలి ఊళ్లో ఆ ఒక్క గదీ లేకపోతే బడే పోతుంది. ఎంతమందికి కడుతున్నాం అన్నదొక్కటే కాదు, కట్టకపోతే ఏమవుతుంది అన్నది కూడా కొలవాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పెట్టినప్పుడు మైదానంలో 500 జనాభా ఉంటేనే రోడ్డన్నారు. కొండ, గిరిజన ప్రాంతాలకు దాన్ని 250కి దించారు. తీవ్రవాద ప్రభావం ఎక్కువగా ఉన్న బ్లాకుల్లో తర్వాత 100కి దించారు. రోడ్డుకు కొండ కొలత వేరని ఒప్పుకున్న ప్రభుత్వం, బడికి ఎందుకు ఒప్పుకోదు?

మన చేతిలో ఒక చట్టం ఉంది. 1996 పీసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి ప్రణాళికలు అమలుకు ముందే గ్రామసభ ఆమోదం పొందాలి. ఖర్చయిన డబ్బుకు ధ్రువీకరణ ఇవ్వాల్సిందీ గ్రామసభే. కానీ మనం గ్రామసభను వచ్చిన జాబితాకు వేలిముద్ర వేసే చోటుగా మిగిల్చాం.

చదువుకున్న యువకులు, టీచర్లు ఈ పని మొదలుపెట్టవచ్చు. హాజరుపట్టీలో ఉన్న పిల్లల్నే కాదు, ఊళ్లో పుట్టి హాస్టళ్లలో ఉన్నవాళ్లనీ, బడి మానేసినవాళ్లనీ ఇంటింటికీ తిరిగి రాయండి. దగ్గరి బడికి ఎంత నడక, మధ్యలో ఎన్ని గెడ్డలు, వానాకాలంలో దాటగలరా అన్నది రాయండి. సిమెంటు బస్తా ఎక్కడిదాకా బండి మీద వస్తుంది, ఎక్కడి నుంచి మనిషి తలకెత్తుకోవాలి అన్నదీ రాయండి. దాన్ని గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, పాడేరు ఐటీడీఏకు ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్ల లెక్క తప్పని అరవడం కన్నా, మన లెక్క వాళ్ల బల్ల మీద పెట్టడం బలమైన విమర్శ.