రూబీ చేతిలో బ్రీచ్ రింగ్

బొమ్మలో ఉన్న అమ్మాయి మనవైపు చూడదు. ఒంటిమీద నీలం ఓవరాల్, జుట్టు యంత్రంలో చిక్కుకోకుండా ఆకుపచ్చ వల, పెదాలకు రంగు. లేత్ మీదికి వంగి, చూపంతా ఉక్కు మీదే పెట్టింది. వెనక షెడ్డు పొడుగునా యంత్రాలు, వాటి దగ్గర మరికొందరు ఆడవాళ్లు. ఆ సందడేదీ ఆమెకు పట్టినట్టు లేదు. చిత్రం పేరు ‘రూబీ లోఫ్టస్ స్క్రూయింగ్ ఎ బ్రీచ్ రింగ్’. గీసినామె లారా నైట్, సంవత్సరం 1943. మీటరు వెడల్పు, అంతకంటే కాస్త తక్కువ ఎత్తు ఉన్న ఈ తైలవర్ణ చిత్రం ఇప్పుడు బ్రిటన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో ఉంది.

‘ఆయుధ కర్మాగారంలో మహిళ’ అని పేరు పెట్టి ఊరుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. అలా చేయకుండా మనిషి ఎవరో, ఏం చేస్తోందో పేరులోనే చెప్పేశారు. ఆ పనేమిటో కాస్త తెలిస్తేగానీ బొమ్మలోని బిగువు మనకు అందదు.

బ్రీచ్ రింగ్ బోఫోర్స్ విమాన విధ్వంసక తుపాకి భాగం. బోఫోర్స్ అనగానే మనవాళ్లకు 1987లో ఢిల్లీని కుదిపేసిన ముడుపుల గొడవ గుర్తొస్తుంది. కంపెనీ అదే, స్వీడన్‌దే. కానీ రూబీ పనిచేస్తున్నది అంతకు ఎన్నో ఏళ్ల ముందు నాటి 40 మి.మీ. తుపాకి మీద. నిమిషానికి 120 గుళ్ల వేగంతో పేలుతుంది. దాని గొట్టం వెనుక కొస వచ్చి బిగుసుకునేది బ్రీచ్ రింగులోనే. గుండు పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బను కాచుకోవలసింది కూడా ఆ ఉక్కు దిమ్మే.

రింగు లోపలి గోడ మీద మర కోయాలి. బోల్టుకు కోసే మర అయితే టూల్ కళ్ల ముందే కదులుతుంది. లోపలి మరకు ఆ వెసులుబాటు లేదు. టూల్ మొన రంధ్రంలోకి దూరిపోతుంది, అక్కడ ఏం జరుగుతోందో సరిగ్గా కనబడదు. రింగు ఒక్కో చుట్టు తిరిగేసరికి టూల్ లెక్క ప్రకారం ఇంత అని ముందుకు జరుగుతుంది. ఒక్క కోతతో మర రాదు. పల్చటి పొర తీసి, టూల్‌ని వెనక్కి తప్పించి, మళ్లీ మొదటికి తెచ్చి, సరిగ్గా అదే గాడిలో దించాలి. వెంట్రుకవాసి పక్కకు దిగినా రెండో కోత మొదటి కోతను తినేస్తుంది. పైగా లోపలికి చాచిన టూల్ పొడుగ్గా ఉంటుంది కనుక, ఆశపడి ఎక్కువ లోతు పెడితే వణుకుతుంది. వణికిన చోటల్లా ఉక్కు మీద అలలు పడతాయి. ఇక మర ఆగవలసిన చోటు వచ్చేసరికి చటుక్కున టూల్‌ని తీసేయాలి. రెప్పపాటు ఆలస్యమైతే మొన విరుగుతుంది, రింగు తుక్కులోకి పోతుంది, అప్పటిదాకా దానిమీద జరిగిన పనంతా వృథా. బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో లేత్ మీద బతికినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. ఇలాంటి పనిలో కన్ను ఎంతో చెవీ అంతే. కోత శబ్దం మారిందంటే చెయ్యి ముందే కదలాలి.

వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఉన్న రాయల్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలో అతి కష్టమైన పనుల్లో ఇదొకటి. మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిదేళ్ల శిక్షణ ఉంటేనే చేతికిచ్చేవారు. రూబీకి అప్పటికి 21 ఏళ్లు. యుద్ధానికి ముందు ఫ్యాక్టరీ గడప తొక్కింది లేదు.

1941 డిసెంబరులో బ్రిటన్ 20 నుంచి 30 ఏళ్ల లోపు పెళ్లికాని స్త్రీలను నిర్బంధంగా యుద్ధ సేవకు పిలిచే చట్టం చేసింది. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి. ఇంజినీరింగ్ కార్మికుల పెద్ద సంఘం మాత్రం ఆడవాళ్లకు సభ్యత్వమిచ్చింది 1943 జనవరి నుంచే. అప్రెంటిస్‌గా ఏళ్లకేళ్లు అరిగితేగానీ అబ్బని పని అంటూ మగవాళ్లు కాపాడుకుంటూ వచ్చిన విద్యను కొత్తగా వచ్చిన అమ్మాయి పట్టేసింది. సరఫరాల మంత్రిత్వ శాఖ ఈమె బొమ్మ గీయించమని యుద్ధ చిత్రకారుల సలహా సంఘాన్ని అడగడంలో ఆశ్చర్యమేముంది! ఈమెను చూసి మరో పదిమంది ఫ్యాక్టరీలకు రావాలి. అంటే ఇది పుట్టుకతోనే ప్రచార చిత్రం. అది మరిచిపోయి చూడకూడదు.

ఎంచుకున్న చిత్రకారిణి కూడా సరైన మనిషే. లారా నైట్‌కు అప్పటికి 65 దాటాయి. 1936లో రాయల్ అకాడమీ పూర్తి సభ్యురాలయింది. అంతకుముందు ఏళ్ల తరబడి సర్కస్ గుడారాల్లోనూ బ్యాలే తెరల వెనకా తిరిగి బొమ్మలు గీసింది. ఒంటికి నేర్పిన విద్యతో బతికే మనుషులంటే ఆమెకు మొదటినుంచీ మక్కువ. తాడు మీద నడిచేవాడి పాదం ఎక్కడ ఆనుతుందో గమనించిన కన్ను లేత్ ముందున్న మనిషి భుజం ఎందుకు అలా వంగిందో ఇట్టే పట్టేస్తుంది. రూబీ మెడ వంపు చూడండి. అలసిపోయి వంగిన మెడ కాదది, అందం కోసం తిప్పిన మెడా కాదు. కనబడని చోటును కనిపెట్టడానికి మనిషి ఎంత వంగాలో అంతే వంగింది.

1943లోనే అమెరికాలో పుట్టిన రెండు బొమ్మల పక్కన దీన్ని పెట్టి చూడాలి. నార్మన్ రాక్‌వెల్ గీసిన ‘రోజీ ద రివెటర్’ 1943 మే 29న ఒక వారపత్రిక ముఖచిత్రంగా వచ్చింది. రివెట్ గన్ ఒళ్లో పెట్టుకుని రోజీ సాండ్‌విచ్ తింటోంది. చుక్కల ఎర్ర రుమాలు కట్టుకుని కండ చూపించే ‘వుయ్ కెన్ డూ ఇట్’ పోస్టరు అమ్మాయి ఇప్పుడు టీ షర్టుల మీదా కప్పుల మీదా ప్రపంచమంతా తిరుగుతోంది. ఆమె చేతిలో పనిముట్టే లేదు. రెండూ మంచి బొమ్మలే, కాదనను. కానీ ఒకరు భోజన విరామంలో ఉన్నారు, మరొకరు ఇంకా పనే మొదలుపెట్టలేదు. రూబీ ఒక్కతే పని మధ్యలో దొరికింది.

లోపం లేదా అంటే ఉంది. మొహాన ఒక్క నూనె మరక కూడా లేదు. చెంపల మీది వెలుగు షెడ్డులో ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు, సినిమా దీపం పెట్టినట్టుంటుంది. షిఫ్టు చివరి గంటల నీరసం ఈ బొమ్మలో వెతికినా దొరకదు. మంత్రిత్వ శాఖకు కావలసింది అదే కాబట్టి లారా నైట్ ఇచ్చింది. ఒక్క విషయంలో మాత్రం లొంగలేదు. పోస్టరుకు చూసేవాణ్ని పలకరించే నవ్వు కావాలి. ఆమె ఆ నవ్వు గీయలేదు.

1943 వేసవిలో రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టినప్పుడు ఈ చిత్రానికి గొప్ప ఆదరణ దొరికింది. వార్తాచిత్రం వాళ్లు గీసినామెనూ రూబీనీ కలిపి ఫిల్ము తీశారు, పోస్టర్లూ అచ్చయ్యాయి. రూబీకి ఆ ఏడాదే పెళ్లయింది. యుద్ధం ముగిశాక భర్తతో కెనడా వెళ్లి అక్కడే స్థిరపడి, 2004లో మరణించింది.