రెండో రకమా, రెండో తరమా?

జీలకర్ర బెల్లం వేళకు మా అసిస్టెంట్ కుర్రాడు కొత్తగా కొన్న జూమ్ తీశాడు. సెకండ్ హ్యాండే గానీ గ్లాసు మీద ఒక్క గీత లేదు. నా ఫుల్ ఫ్రేమ్ బాడీకి టక్కున ఎక్కింది. మండపమంతా రావాలని వెడల్పు చివరకు తిప్పి నాలుగు ఫ్రేములు కొట్టి, స్క్రీన్ నాకు చూపించాడు. నాలుగు మూలలా నలుపు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంది పెళ్లి. "అన్నా, లెన్స్ పాడైపోయిందా?" అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

లెన్స్‌కేమీ కాలేదు. అది క్రాప్ బాడీల కోసం, అంటే చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసింది. అది వేసే వెలుగు వలయం చిన్నది, పెద్ద సెన్సర్ మూలలకు అందదు. ఆ సంగతి బ్యారెల్ మీద రాసే ఉంది. చదివి చెప్పేవాళ్లే వాడికి దొరకలేదు. అమ్మినతను కూడా చెప్పలేదు.

కెనాన్ ఎస్‌ఎల్‌ఆర్‌ల సొంత క్రాప్ లెన్స్, అంటే ఈఎఫ్-ఎస్, ఫుల్ ఫ్రేమ్ ఎస్‌ఎల్‌ఆర్ బాడీకి అసలు ఎక్కదు. నికాన్ ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ బాడీలైతే డీఎక్స్ లెన్స్‌ని గుర్తుపట్టి ఫ్రేమును వాటంతటవే కత్తిరించుకుంటాయి. బయటి కంపెనీలు కెనాన్ కోసం చేసిన క్రాప్ లెన్సులు మాత్రం మామూలు ఈఎఫ్ మౌంట్‌తోనే వచ్చాయి. హాయిగా ఎక్కేస్తాయి. అక్కడ మనల్ని హెచ్చరించేది పేరొక్కటే. ఆ పేరే అర్థం కాకపోతే ఎలా?

ఆ బయటి కంపెనీల్లో టామ్రాన్ సంగతి చూడండి. డీఐ అంటే ఫుల్ ఫ్రేమ్ ఎస్‌ఎల్‌ఆర్‌కి. డీఐ టూ అంటే క్రాప్ ఎస్‌ఎల్‌ఆర్‌కి. డీఐ త్రీ అంటే మిర్రర్‌లెస్‌కి. దాని చివర 'ఏ' చేరితే క్రాప్ మిర్రర్‌లెస్‌కి. ఒకటి, రెండు, మూడు అని కనబడగానే ఎవరైనా ఏమనుకుంటారు? ఒకటి పాతది, రెండు దానికంటే మెరుగు, మూడు అన్నిటికన్నా కొత్తది అనుకుంటారు. మావాడూ డీఐ టూ అన్నది చూసి అలాగే అనుకున్నాడు. ఇవి తరాలు కావు, రకాలు. తరం చెప్పడానికి వాళ్లు వేరే గుర్తు పెట్టుకున్నారు: జీ టూ. 'టూ' అన్న మాట ఒకచోట రెండో రకం, ఇంకోచోట రెండో తరం. కొనేవాడిని ఇంత తికమక పెట్టడం నాకు ఏ కోశానా నచ్చదు.

సిగ్మాలో డీజీ ఫుల్ ఫ్రేమ్, డీసీ క్రాప్, డీఎన్ మిర్రర్‌లెస్. ఇది కొంత నయం, ఒకసారి నేర్చుకుంటే గుర్తుంటుంది. అయితే ఇప్పుడు కొత్త లెన్సుల పేర్లలోంచి డీఎన్ తీసేస్తున్నారు. 2013లో వచ్చిన 18-35 ఎఫ్ 1.8 డీసీ ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్. 2025లో వచ్చిన 17-40 ఎఫ్ 1.8 డీసీ మిర్రర్‌లెస్ లెన్స్. రెండూ ఆర్ట్ వరుసే, రెండింటి మీదా డీసీయే. పదేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్ బల్ల మీద ఈ రెండూ పక్కపక్కన ఉంటే కొత్తగా వచ్చిన కుర్రాడు వాటిని ఎలా పోల్చుకోవాలి?

చేతి వణుకును ఆపే ఏర్పాటుకైతే ఇంటికో పేరు. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సిగ్మాలో ఓఎస్, టామ్రాన్‌లో వీసీ. పని ఒక్కటే.

ఈ బయటి కంపెనీల మీద నాకు కోపం లేదు, కృతజ్ఞత ఉంది. కెమెరా కంపెనీ వాళ్ల ఎఫ్ 2.8 జూమ్ ధర విని వెనక్కి తిరిగి వచ్చిన మాలాంటివాళ్లకు అన్నం పెట్టినవి ఈ లెన్సులే. జూమ్ పొడుగునా ఎఫ్ 1.8 ఇవ్వడం ఎస్‌ఎల్‌ఆర్‌లలో మొదట సిగ్మా 18-35తోనే సాధ్యమైంది. గ్లాసు మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్లు పేరు మీదా కాస్త పెట్టాలి. ఏ సెన్సర్‌కి, ఏ మౌంట్‌కి అన్న రెండు ముక్కలు అందరికీ తెలిసిన మాటల్లో రాస్తే చాలు.

నిజానికి దారి వాళ్ల దగ్గరే ఉంది. సిగ్మా 2012 నుంచి వచ్చిన వరుసల్లో లెన్స్ వచ్చిన ఏడాదిని బ్యారెల్ మీదే వేస్తుంది. ఆ 18-35 మీద 013 అని ఉంటుంది. టామ్రాన్ ప్రతి లెన్స్‌కీ ఒక మోడల్ నంబరు ఇస్తుంది. 28-75 ఎఫ్ 2.8 అని అడిగితే మూడు వేర్వేరు లెన్సులు చేతికి రావచ్చు: ఎస్‌ఎల్‌ఆర్ రోజుల ఏ09, 2018 నాటి ఏ036, 2021లో వచ్చిన జీ టూ ఏ063. నంబరు చెబితే గొడవే లేదు.

ఆ రోజు నా లెన్స్ తీసి వాడికిచ్చాను, తలంబ్రాలు బాగానే వచ్చాయి. ఇప్పుడు వాడు ఏ లెన్స్ చూసినా ముందు బ్యారెల్ తిప్పి చదువుతాడు. కొనేవాళ్లు మీ బాడీ వెంట తీసుకెళ్లండి. లెన్స్ తగిలించి, వెడల్పు చివరకు తిప్పి, తెల్లగోడను ఒక్క ఫోటో తీసి మూలలు చూసుకోండి. అమ్మేవాళ్లకు నాదొక విన్నపం: ధర పక్కన ఆ మోడల్ నంబరు కూడా రాయండి.