లంకనుండి వచ్చిన ఒంటెలు

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయరుకు కొలది దూరమున, దక్షిణాండమానులోని సిప్పీఘాట్ వద్ద నిలిచినవానికి ఒంటె జ్ఞాపకమునకు వచ్చుటకు పైకి కారణమేమియు కనబడదు. ఏటికి దాదాపు మూడువేల మిల్లీమీటర్ల వాన కురియు దేశమది. అక్కడి అడవులలో దుంగలను లాగిన జంతువు ఏనుగు. ఏటికి రెండువందల మిల్లీమీటర్లయినను కురియని జైసల్మేరు ఇసుకమేటలు ఆ దీవులవారి ఊహకు సైతము దూరమే. 2011 జనగణన ప్రకారము ఆ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో సాహిత్యాభిమాని యొకడు రాజస్థాను జానపద మహాకావ్యమగు పాబూజీ గాథను చేతబట్టి అచ్చట కూర్చుండినాడనుకొందము. ఆ కావ్యమును చదువుటకు అంతకంటె తగిన తావు మరియొకటి లేదని నా అభిప్రాయము. ఏలయన, ఆ గాథ చెప్పినదానినిబట్టి మార్వాడు ఒంటెలు ఎడారిలో పుట్టినవి కావు. సముద్రము దాటి ఒక ద్వీపమునుండి వచ్చినవి.

కథ సంగ్రహముగా ఇది. కోళూ గ్రామపు రాఠోడు వీరుడు పాబూజీ. అతని అన్న కూతురు కేలమ్. ఆమెను గోగా చౌహానున కిచ్చి వివాహము చేసినప్పుడు బంధువులు తలకొక కానుక నిచ్చిరి. పాబూజీ మాత్రము లంకనుండి ఆడ ఒంటెలను తెచ్చి అరణముగా నిత్తునని వాగ్దానము చేసెను. ఒంటెలు రాలేదు; అత్తవారింట ఆ పిల్ల ఎత్తిపొడుపుల పాలయ్యెను. ఆమె పినతండ్రికి కబురంపినది. అప్పుడు హర్మల్ దేవాసీ యను రేబారీ జోగివేషము వేసికొని లంకకు పోయి మందను కన్నులార చూచి వచ్చెను. పాబూజీ సముద్రము దాటి, రావణునితో పోరి, మందను తోలుకొనివచ్చి మాట చెల్లించుకొనెను.

తెలుగు పాఠకుడు ఇచ్చట ఒక్క క్షణ మాగును. లంకకు పోయి రావణుని గెలిచినవారు తేవలసినది సీతను గదా! ఈ గాథలో పాబూజీ లక్ష్మణుని అవతారము. కావున కవికి రామాయణము తెలియదని చెప్ప వీలులేదు. తెలిసియే అతడు సీత యుండవలసిన చోట ఒంటెలను నిలిపినాడు. దీనిని అమాయకత్వమని కొట్టివేయుట సులభము. కాని అది విమర్శ కానేరదు.

పదునేడవ శతాబ్దిలో ముంహతా నైణసీ తన ఖ్యాతులో వ్రాసిన పాబూజీ వృత్తాంతమున ఒంటెలు వచ్చినది లంకనుండి కాదు. అవి పొరుగుననే యున్న దోదా సూమరా అను దొర మందలోనివి. అనగా చరిత్రకు దగ్గరగా నున్న కథలో నిది సరిహద్దు పశుగ్రహణము. గాథలో నిది సముద్రలంఘనమైనది. ఈ మార్పు దేనివలన జరిగినది? గాయకుని అతిశయోక్తి వలననే యనుట చాలదు. అతిశయోక్తి యెక్కడ పుట్టునో చూడవలెను. ఏ వస్తువు లేనియెడల ఒక జాతి జీవనము నిలువదో, ఆ వస్తువు పొరుగువాని దొడ్డినుండి వచ్చినదని చెప్పుకొనుటకు ఆ జాతి మనసొప్పదు. దానికి మహత్తరమైన ఆదికథ కావలెను. రైకాలు తమ పుట్టుకను గూర్చియు ఇట్టి కథయే చెప్పుకొందురు: పార్వతి ఆటకై మట్టితో అయిదు కాళ్ల జంతువును చేసినదట, శివుడు ప్రాణము పోసి అయిదవ కాలిని పైకి నొక్కగా అది మూపురమైనదట, ఆ జంతువును కాచుటకే మొదటి రైకా సృజింపబడెనట. మొదట ఒంటె, పిమ్మట మనుష్యుడు. ఈ వరుసను గుర్తించిననే లంకా ఘట్టము అర్థమగును.

మన సంస్కారమిందుకు భిన్నమైనది. సంస్కృతము ద్వారా మనకు వచ్చిన ఒంటె నవ్వులపాలైన జంతువు. ఒంటెల పెండ్లిలో గాడిదలు పాటపాడగా ఒకరి రూపమును ఒకరు, ఒకరి కంఠమును ఒకరు మెచ్చుకొన్నారను సుభాషితము మనలో చాలమంది బాల్యముననే నేర్చినది. పంచతంత్రమునందు సార్థవాహుల గుంపునుండి తప్పిపోయిన ఒంటె సింహమును శరణుజొచ్చి, కపటులైన అనుచరులు తమను తినుమని వంతువంతున చెప్పగా విని, తానును అట్లే చెప్పి ప్రాణము కోల్పోవును. ఆ కథలో ఒంటె విశ్వాసము తెలివిలేనితనముగా చిత్రింపబడినది. ఒంటెను దారిని పోవుచు చూచినవాడు కట్టిన కథ అది. దాని పాలు త్రాగి బ్రతికినవాడు కట్టిన కథ కాదు.

ఢోలా మారూ గాథను దీని ప్రక్క నుంచి చూడుడు. అందు ఢోలాను మారూ వద్దకు చేర్చునది ఒంటెయే. మాళవణి తన భర్తను పోనీయక నిలుపుటకై ఆ ఒంటెనే వేడుకొని కుంటినడక నటింపజేయును. తిరుగు ప్రయాణమున ఊమర సూమరా పన్నిన కపటమునుండి దంపతులు పారిపోవు తొందరలో దాని కాలిబంధము విప్పుట మరతురు. అది మూడు కాళ్లతోనే పరువెత్తును; త్రోవలో ఒక చారణుడు చూచి చెప్పువరకును వారికి తెలియదు. నాయకుని ప్రేమను వేయి విశేషణములు చెప్పలేని విధముగా ఈ మరపు చెప్పుచున్నది. ఆ ప్రేమకు వెల చెల్లించినది ఎవరో కూడ చెప్పుచున్నది. ఇచ్చటను ఒంటె విశ్వాసముగలదే. కాని ఆ విశ్వాసమును చూచి ఎవరును నవ్వరు.

అనువాదకునకు ఇచ్చట చిక్కు వచ్చును. పాబూజీ తెచ్చినవి సాంఢులు, అనగా ఆడ ఒంటెలు. తెలుగున "ఒంటెలు" అని ఊరకున్నచో కథలోని ప్రాణము పోవును. ఆడ ఒంటె పదుమూడు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనును; మంద పెరుగుట మిక్కిలి మెల్లగా జరుగు పని. కావుననే ఆడ ఒంటెను కులము వెలుపలివారికి అమ్మరాదను కట్టుబాటు రైకాలలో చిరకాలము నిలిచినది. కేలమ్ కోరినది సవారి కాదు, సంతతి. మన నిఘంటువులలోని "లొట్టిపిట" వాడినచో హాస్యము పుట్టును. "ఉష్ట్రము" అన్నచో శాస్త్రగ్రంథపు వాసన వచ్చును. పెయ్య, పడ్డ, కోడె, చూడి, పాడి అను మాటలు మన రైతు పసులమందలో పుట్టినవి. వానిని జంకక తెచ్చుకొని చూడి ఒంటె, పాడి ఒంటె అని వ్రాయుటయే మేలు. పశువు క్రొత్తది గాని, పశువుతో గల బాంధవ్యము మనకు క్రొత్తది కాదు.

ఒక ఆక్షేపమును దాటవేయరాదు. ఎంత దివ్యముగా పాడినను, ఈ గాథ పొగడునది పరుల మందను తోలుకొనివచ్చుటనే. రావణుని మందను కాచినవారికిని ఆ పాలే ఆహారమై యుండును. వారి దుఃఖమునకు కావ్యములో చోటు లేదు. ఇది నిజమైన లోపము. వీరకావ్యములన్నిటను గల లోపమే యని తప్పించుకొనుట న్యాయము కాదు. అయినను ఆ లోపమును కొంత సరిదిద్దునది ప్రదర్శనము. దీనిని పాడువారు నాయక కులపు భోపాలు. చిత్రించిన పెద్ద వస్త్రమును రాత్రివేళ నిలువబెట్టి, రావణహత్థా వాయించుచు భోపా పాడగా, భార్య దీపమెత్తి ఆయా బొమ్మను చూపుచు గొంతు కలుపును. మందకు జబ్బు చేసినప్పుడు ఒంటెలవారు మ్రొక్కుకొని ఈ పాట పాడించుకొందురు. లంకనుండి తెచ్చినవాడు వానిని కాపాడవలసియున్నాడు. తెచ్చుటతో వీరుని బాధ్యత తీరలేదు. ఈ దృష్టితో చూచిన, ఓడినవాని పేరు మోయు వాద్యముతోనే గెలిచినవాని కథను పాడుట కాకతాళీయముగా తోచదు.

ఇప్పుడా బాధ్యత యెవరిది? దేశమున 2012లో సుమారు నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 పశుగణన నాటికి రెండున్నర లక్షలైనవి. బండ్లకు మారుగా ట్రాక్టర్లు వచ్చినవి; మేతబీళ్లకు కంచెలు పడినవి. రాజస్థాను ప్రభుత్వము 2014లో ఒంటెను రాష్ట్రజంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధించి, రాష్ట్రము వెలుపలికి తరలించుటను కట్టడి చేయు శాసనము తెచ్చినది. దానివలన మగ ఒంటెల బేరము పడిపోయినదని పెంచువారే మొరపెట్టుకొనుచున్నారు. గౌరవము పెరిగినది, మంద తరిగినది. ఒంటె లేని ఊరిలో పాబూజీ వస్త్రము గోడకు వ్రేలాడు చిత్రపటము మాత్రమే. రోగమును మాన్పుటకు పుట్టిన పాటకు రోగియే లేకుండ పోవుచున్నాడు.

సిప్పీఘాట్ పాఠకుడు ఈ మాటను మనకంటె లోతుగా గ్రహింపగలడు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపముతో దక్షిణాండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగెను. సిప్పీఘాట్ వరిపొలములలోనికి సముద్రము వచ్చి మరల పోలేదు. జీవనాధారము కాలిక్రిందనుండి తొలగుట యెట్టిదో అక్కడివారు ఒక్క ఉదయమున చూచిరి. రైకాలు దానిని ఒక తరము పొడవునను చూచుచున్నారు. ఉప్పునీటి అంచున పెరుగు మడచెట్లను చూచుచు అతడు మరియొక సంగతిని తలచుకొనవచ్చును. కచ్ఛు తీరమున ఖారాయీ యను ఒంటెలు కలవు. 2015లో ప్రత్యేకజాతిగా గుర్తింపు పొందిన ఆ ఒంటెలు పోటునీటిలో ఈదుచు దీవులకు పోయి మడ ఆకులు మేసి వచ్చును. ఒంటెలు సముద్రము దాటినవని భోపా పాడినప్పుడు నవ్వినవారు ఆ దృశ్యమును చూచిన పిమ్మట మరల గాథను చదువవలెను. అది భూగోళశాస్త్రమని నేననను. కాని ఒంటెకును నీటికిని సంబంధము లేదను మన తీర్పు, ఒంటె మందమతి యను తీర్పువలెనే, దూరమునుండి చెప్పిన తీర్పు. ఒక దేశపు కావ్యమును మనభాషలోనికి తెచ్చుకొనునప్పుడు మొదట విడువవలసినది ఆ దూరమునే.