పేరు ఈస్ట్‌లేక్‌ది, పని కర్మాగారానిది: విక్టోరియన్ ఫర్నిచర్‌లో ఒక శైలిని గుర్తించడం

1. ప్రవేశిక

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు బ్రిటన్‌ను పాలించింది. ఆ 63 ఏళ్లకు పైగా కాలంలో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ తయారైన కుర్చీలు, మంచాలు, బీరువాలు అన్నింటినీ కలిపి ‘విక్టోరియన్ ఫర్నిచర్’ అంటారు. విద్యార్థులు మొదట గమనించవలసింది ఏమిటంటే, ఇది ఒక కాలానికి పెట్టిన పేరే తప్ప శైలికి పెట్టిన పేరు కాదు. ఆ కాలంలో పరస్పరం విరుద్ధమైన శైలులు పక్కపక్కనే నడిచాయి. కాబట్టి ఒక పాత కుర్చీని చూసి ‘ఇది విక్టోరియన్’ అని చెప్పినంత మాత్రాన దానిని గుర్తించినట్టు కాదు.

ఈ పాఠంలో ‘ఈస్ట్‌లేక్’ అనే ఒక్క శైలిని తీసుకుందాం. దీనికి పేరు ఏ రాజు నుంచో, ఏ వడ్రంగి నుంచో రాలేదు. ఒక విమర్శకుడి నుంచి వచ్చింది. ఆ విమర్శకుడే తన పేరుతో అమ్ముడవుతున్న సామాన్లతో తనకు సంబంధం లేదని ప్రకటించాడు. అందువల్ల ఈ శైలిని గుర్తించేటప్పుడు దాని విలువను గురించిన ప్రశ్న కూడా తప్పనిసరిగా ఎదురవుతుంది.

2. ఈస్ట్‌లేక్‌కు ముందున్న శైలులు

విక్టోరియన్ కాలంలో మూడు పునరుద్ధరణ శైలులు ముఖ్యంగా కనిపిస్తాయి. గోథిక్ పునరుద్ధరణలో మధ్యయుగపు చర్చిలను తలపించే మొనదేలిన తోరణాలు ఉంటాయి. 1834లో అగ్నిప్రమాదం జరిగిన తరువాత తిరిగి కట్టిన బ్రిటిష్ పార్లమెంటు భవనం లోపలి అలంకరణకు పూజిన్ చేసిన రూపకల్పనలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. రొకోకో పునరుద్ధరణలో వంపు తిరిగిన కాళ్లు, చెక్కిన పూలు, ద్రాక్ష గుత్తులు ఉంటాయి. న్యూయార్క్‌లో పనిచేసిన జాన్ హెన్రీ బెల్టర్ ఈ శైలిలో పేరు పొందాడు. ఆయన రోజ్‌వుడ్ పలుచని పొరలను, ఒకదాని నార మరొకదానికి అడ్డంగా వచ్చేలా జిగురుతో అతికించి, అచ్చుల్లో నొక్కి వంచేవాడు. ఆ వంచిన పలకల మీద జాలీ పనిలా చెక్కడాలు చేయించేవాడు. మూడవది రినైసాన్స్ పునరుద్ధరణ. వాల్‌నట్ కలప, భవన శిఖరంలా ఎత్తైన పైభాగం, అతికించిన పతకాలు, భారీతనం దీని లక్షణాలు.

3. ఈస్ట్‌లేక్ వాదన

చార్లెస్ లాక్ ఈస్ట్‌లేక్ (1836–1906) వాస్తుశిల్పంలో శిక్షణ పొందిన ఆంగ్ల రచయిత. ఆయన 1868లో ‘హింట్స్ ఆన్ హౌస్‌హోల్డ్ టేస్ట్’ అనే పుస్తకం ప్రచురించాడు. వస్తువు రూపం దాని ఉపయోగం నుంచి రావాలనీ, కలప కలపలాగే కనిపించాలనీ, అలంకారం నిర్మాణంలో భాగంగా ఉండాలి గాని పైన అతికించినది కాకూడదనీ ఆయన వాదించాడు. వంపుల కంటే సరళరేఖలను, మెరిసే పాలిష్ కంటే సహజమైన కలప ఉపరితలాన్ని మెచ్చాడు.

సరళరేఖను మెచ్చడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. చెక్కకు బలం నార వెంబడి ఉంటుంది. నారకు అడ్డంగా కోసి వంపు తీస్తే ఆ చోట చెక్క బలహీనపడుతుంది. మన పల్లెల్లో నాగలి చేసే వడ్రంగి సహజంగా వంపు తిరిగిన కొమ్మ కోసం వెదికేది ఇందుకే. ఈస్ట్‌లేక్ రొకోకో వంపులను తప్పుపట్టడానికి గల కారణాల్లో ఇదీ ఒకటి.

4. గుర్తుపట్టే లక్షణాలు

అమెరికాలో 1870, 1880 దశకాల్లో విరివిగా తయారైన ‘ఈస్ట్‌లేక్’ సామాన్లలో ఈ కింది లక్షణాలు కనిపిస్తాయి.

(అ) దీర్ఘచతురస్రాకారపు ఆకృతి, చదునైన ఉపరితలాలు.
(ఆ) లోతు లేకుండా గాడి తీసిన సమాంతర రేఖలు, రేఖాగణిత రూపాలు, ఆకులను పూలను సరళం చేసి గీసిన నమూనాలు.
(ఇ) ఏటవాలుగా చెక్కిన అంచులు, తరిమెన పట్టిన చిన్న పుల్లల వరుసలు.
(ఈ) వాల్‌నట్, చెర్రీ, ఓక్ వంటి కలపలు. కొన్నిటిలో సుడులు తిరిగిన చెక్కపొరతో చేసిన చిన్న పలకలు.

రినైసాన్స్ పునరుద్ధరణతో దీనిని పొరబడే అవకాశం ఎక్కువ. వాల్‌నట్ కలప, పాలరాతి పైపలక రెండింటిలోనూ ఉంటాయి. తేడా కోసం అలంకారాన్ని చూడాలి. అది ఉపరితలం నుంచి ముందుకు పొడుచుకు వస్తే రినైసాన్స్ వైపు, ఉపరితలంలోకి గాడిగా దిగితే ఈస్ట్‌లేక్ వైపు మొగ్గవచ్చు. రెండూ కలిసిన సామాన్లు కూడా ఉన్నాయి. అటువంటి వాటిని ఒక్క పేరులో ఇరికించకుండా రెండింటి కలయిక అని రాయడమే సరైనది.

రూపాన్ని చూశాక సొరుగును బయటికి లాగి దాని మూలలను చూడాలి. అక్కడ అర్ధచంద్రాకారపు కోత, దాని మధ్య గుండ్రని మేకు వంటి కూర్పు కనిపిస్తే అది అమెరికన్ యంత్రపు పని. ఆ పద్ధతి 1870 దశకం నుంచి సుమారు 1900 వరకు వాడుకలో ఉంది. చెక్క వెనుకవైపు వంపు గీతలు ఉంటే గుండ్రటి రంపంతో కోసినట్టు. తలమీద కూడిక గుర్తు ఉన్న స్క్రూలు 1930 దశకంలో గాని వాడుకలోకి రాలేదు. అవి కనిపిస్తే తరువాత మరమ్మతు అయినా జరిగి ఉండాలి, వస్తువే కొత్తదైనా కావాలి. ఏ ఒక్క గుర్తునూ తుది సాక్ష్యంగా తీసుకోకూడదు. స్క్రూలు మార్చవచ్చు, పాత బీరువా పైభాగాన్ని వేరొక దాని కిందిభాగానికి జతచేయవచ్చు.

5. విమర్శ

ఈస్ట్‌లేక్ పుస్తకం 1872లో బోస్టన్‌లో అచ్చయి అమెరికాలో గొప్ప ఆదరణ పొందింది. కర్మాగారాల వారు ఆయన పేరును అమ్మకానికి వాడుకున్నారు. 1878 నాటి ముద్రణకు రాసిన ముందుమాటలో ఆయన, అమెరికా వ్యాపారులు తన పేరుతో ప్రకటించుకుంటున్న సామాన్ల తయారీలో తన ప్రమేయం లేదనీ, వాటి అభిరుచికి తనను బాధ్యుణ్ణి చేస్తే విచారిస్తాననీ స్పష్టం చేశాడు.

దీనిని చూసి చాలామంది ‘వ్యాపారులు ఆదర్శాన్ని పాడుచేశారు’ అని తీర్పు చెబుతారు. ఆ తీర్పు సగమే నిజమని నా అభిప్రాయం. చేతితో చెక్కే ద్రాక్ష గుత్తికి నేర్పరి అయిన శిల్పి కావాలి. చదునైన పలక మీద నిలువు గాడి తీయడానికి యంత్రం చాలు. అంటే నిజాయితీ కోసం ఈస్ట్‌లేక్ కోరిన సరళరేఖే, చవకగా అనుకరించడానికి అన్నిటికంటే అనువైన రేఖ అయింది. ఈ అవకాశం ఆయన సూత్రంలోనే ఉంది. దాన్ని ఆయన ముందుగా ఊహించలేదు.

మరోవైపు, ఆ చవకదనం వల్లనే మధ్యతరగతి కుటుంబాలకు తేలికగా తుడుచుకోగల, దృఢమైన సామాను అందింది. మంచి వస్తువు ఖరీదైనదే కానక్కరలేదని ఈస్ట్‌లేక్ కూడా నమ్మాడు. కాబట్టి యంత్రం చేసిందనే కారణంతో ఒక బల్లను తక్కువ చేయకూడదు. గాడి రేఖ బల్ల ఆకృతిని స్పష్టం చేస్తున్నదా, లేక ఖాళీ కనిపించిన చోటల్లా నింపినదా అని అడగాలి. మొదటిదైతే ఆయన ఒప్పుకోకపోయినా అది ఆయన సూత్రానికి దగ్గరగా ఉంది. రెండవదైతే పేరు తప్ప ఆయనది అందులో ఏమీ లేదు.

6. ముగింపు

శైలిని గుర్తించడం, విలువ కట్టడం వేర్వేరు పనులు. ‘ఈస్ట్‌లేక్ శైలి’ అనే మాట ఒక వస్తువు ఏ కాలానిదో, ఏ రూపానిదో చెబుతుంది. అది మంచి వస్తువని గాని, ఈస్ట్‌లేక్ మెచ్చే వస్తువని గాని చెప్పదు. సాహిత్యంలో ఒక వాదం పేరుతో వచ్చిన ప్రతి రచనా ఆ వాదానికి న్యాయం చేయదని మీకు తెలుసు. వస్తువుల విషయంలోనూ అదే జాగ్రత్త పాటించాలి.

అభ్యాసం: హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ ఫర్నిచర్ ఉంది. వీలైతే వెళ్లి ఒక వస్తువును ఎంచుకోండి. పక్కనున్న వివరణ పలకను ముందు చదవకండి. దాని ఆకృతి, అలంకారం, కలప గురించి పది వాక్యాలు రాసి, ఆ తరువాత పలకను చూడండి. మీ పరిశీలనకూ పలకకూ తేడా వస్తే, ఆ తేడాకు కారణం ఏమిటో ఒక పేరాలో చర్చించండి.