మజ్జిగ - మనోవ్యాకులత

వేకువనే మిరపకోతకు పోవు కూలివారు చద్దన్నములో మజ్జిగ పోసికొని తినుట గుంటూరు, ప్రకాశం పల్లెలలో నిత్యము కనబడునదే. ఆ మజ్జిగలోని సూక్ష్మజీవులు కడుపునకే గాక మనసునకు కూడ మందు అను మాట నేడు విరివిగా వినబడుచున్నది. ఇందు సత్యమెంత?

ఈ మాటకు ఆధారముగా చూపు ప్రయోగము 2011లో వెలువడినది. ఐర్లండులోని కార్క్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ క్రయాన్, ఆయన సహచరులు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జాతిలో జె.బి.-1 అను ఒక రకమును చుంచెలుకలకు తినిపించిరి. వాటిలో బెదురు తగ్గెను. కడుపును మెదడుతో కలుపు వేగస్ నాడిని ముందే కోసివేసిన ఎలుకలలో ఆ ఫలితము కనబడలేదు. వార్త పోవు దారి ఏదో ఇంత తేటగా చూపిన ప్రయోగములు అరుదు.

ఐతే 2017లో కార్క్ వారే ఆ రకమునే 29 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూచిరి. ఉత్తుత్తి మందుకంటె మేలేమియు కనబడలేదు. తమ ఆశను దెబ్బతీసిన ఫలితమును తామే ప్రకటించుట మెచ్చదగినది. ఎలుకల కథ చెప్పువారు దీనిని చెప్పకుండుట మాత్రము మెచ్చదగినది కాదు. వ్యాధిగ్రస్తులపై జరిగిన చిన్న పరీక్షలలో కొన్నింట గుణము కనబడినది, కొన్నింట లేదు.

సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్లు ప్రేగులలోనే పుట్టుననుట నిజమే. కాని అది రక్తమునుండి మెదడులోనికి పోజాలదు. ఉపాధ్యాయులు మొదటి వాక్యము చెప్పినప్పుడు రెండవదియు చెప్పవలెను. ఇంటి తోడులోని సూక్ష్మజీవులు ఇంటింటికి మారును, జె.బి.-1 గుణమును వాటికి అంటగట్టరాదు.

పత్తి నేలలకు మరింత దగ్గరి పరిశోధన మధురై కామరాజ్ విశ్వవిద్యాలయమువారిది. పత్తిపై విరివిగా చల్లబడిన మోనోక్రోటోఫాస్‌ను ప్రేగులలోని సూక్ష్మజీవులు విడగొట్టగా ఎసిటిక్ ఆమ్లము పుట్టుననియు, దానివలన ఎలుకల నెత్తుటిలో చక్కెర అదుపు తప్పుననియు వారు 2017లో ప్రకటించిరి. అది దిగులును గూర్చినది కాదు. కాని కడుపులోని జీవులకు చేనిలోని మందుతో గల సంబంధమును చూపినది.

ఇక దిగులు మాట. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనము చేయగా, నాటి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పులపాలైన పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ అప్పు పత్రములను ఏ గుళికయు చెరపజాలదు. దిగులు, నిద్రలేమి రెండు వారములు దాటియు విడువనిచో వైద్యుని చూడవలెను. ప్రభుత్వమువారి టెలీ-మానస్ 14416కు ఫోను చేసినను తెలుగులో మాట్లాడువారుందురు. మజ్జిగ మాత్రము మానవలసిన పని లేదు.