కరపత్రంలో లేని ఇల్లు

తుఫాను జాగ్రత్తల కరపత్రాన్ని ఎవరూ సాహిత్యంగా చదవరు. మేం చదివాం. మా పేటల్లో చాలా ఇళ్లకు ఏడాది మొత్తంలో చేరే అచ్చు కాగితం అదొక్కటే. కథలూ కవితలూ మనవాళ్ల గురించి ఏం రాశాయో, ఏం వదిలేశాయో మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన చేతిలో పెట్టే రాత ఎట్లా ఉందో మాత్రం మాట్లాడుకోలేదు.

మేం యానాదులం. కొలకలూరు దగ్గర పిల్లలకు చదువు చెబుతున్నాం. ఇక్కడికి సముద్రం కనబడదు. సూర్యలంక వైపో నిజాంపట్నం వైపో తుఫాను వస్తోందంటే మాకు తెలిసేది గాలి, వాన, ఆ తరవాత గట్టెక్కే మురుగు కాలువ నీళ్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర్లోనే తీరం దాటింది. చేతికొచ్చిన వరి నీళ్లపాలైందని పేపర్లన్నీ రాశాయి, రాయాల్సిందే. ఆ వరి కోసే కూలీలు, ఆ చేలల్లో ఎలుకలు పట్టేవాళ్లు కాలువ గట్టు మీద ఆ రాత్రి ఎట్లా గడిపారో వెతికితే మాకు ఎక్కడా దొరకలేదు.

బడికి వచ్చిన కరపత్రాలు నాలుగు దాచిపెట్టాం. నాలుగూ ఒక అచ్చులో పోసినట్టే ఉన్నాయి. తలుపులు, కిటికీలు బాగు చేయించుకోండి అంటుంది మొదటి మాట. మా పిల్లల్లో సగం మంది ఇళ్లకు తలుపంటే గోనె పట్టా, కిటికీ అంటే తాటాకుల మధ్య సందు. ముఖ్యమైన కాగితాలు నీళ్లు తగలని సంచిలో పెట్టుకోండి అంటుంది రెండోది. మంచి మాటే. కాగితాలు ఉన్నవాళ్లకు మంచి మాట. ఫోను ఛార్జింగ్ పెట్టుకోమంటుంది, మీటరు లేని ఇంటికి. పశువుల కట్లు విప్పమంటుంది, సరే. కోళ్ల గంప, వల, ఎలుక బుట్టలు ఏం చేయాలో చెప్పదు. అవి పోతే మాకు మరుసటి రోజు తిండి పోయినట్టే. గేదె పోతే రైతుకు ఎంత నష్టమో వల పోతే మాకు అంతే నష్టం. ఆ లెక్క కరపత్రం రాసినవాళ్లకు తెలియదు.

ఈ సలహాల్లో తప్పు ఒక్కటీ లేదని మా మాట. తుఫాను కన్ను మీద నుంచి పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగుతుంది, అయిపోయిందనుకుని బయటికి రావద్దు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది అని ఒక కాగితంలో ఉంది. ఆ ఒక్క వాక్యం ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో! మా పేచీ వేరు. రాసినవాడి కళ్ల ముందు ఒక ఇల్లు ఉంది. దానికి గోడలున్నాయి, బీరువా ఉంది, పట్టా ఉంది. అందులో ఉన్న మనిషి ఇంట్లోనే ఉండి జాగ్రత్త పడితే చాలు. మా ఇల్లు జాగ్రత్త పడే ఇల్లు కాదు, వదిలిపెట్టి పోవాల్సిన ఇల్లు. ఎప్పుడు వదలాలి, ఎక్కడికి పోవాలి, అక్కడ మమ్మల్ని లోపలికి రానిస్తారా, తిరిగొచ్చేసరికి ఆ జాగా మాదేనా? కరపత్రంలో ఈ ప్రశ్నలకు జవాబు లేదు.

ఇక ప్రమాద హెచ్చరిక నంబర్లు. నిజాంపట్నంలో మూడో నంబరు ఎగరేశారు, పదో నంబరు ఎగరేశారు అని టీవీ చెబుతుంది. అవి ఓడరేవుల సంకేతాలు. ఓడలకూ పడవలకూ పుట్టిన భాష. ఒకటీ రెండూ దూరంగా ఉన్న తుఫాను గురించి, మూడూ నాలుగూ ఆ రేవుకే వాతావరణం చెడబోతోందని, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. బడిలో ఒక పిల్లవాడు అడిగాడు: సార్, మూడో నంబరంటే మా గుడిసె ఉంటదా, పోతదా? మాకు జవాబు రాలేదు. ఆ నంబరు వాడి గుడిసెతో మాట్లాడటం లేదు మరి.

ఇంతవరకూ ప్రభుత్వ రాతను తప్పుపట్టాం. ఇప్పుడు మన రాతను కూడా అదే జల్లెడలో పోయాలి. ఆదివాసికి ప్రకృతి ముందే చెబుతుందని, చీమలు గుడ్లు మోసుకుపోతే, తూనీగలు కిందికి ఎగిరితే మనవాళ్లు గాలివానను పసిగడతారని మనమే రాసుకుంటున్నాం. అట్లాంటి వ్యాసం ఒకటి మేమూ రాశాం, చప్పట్లు కూడా కొట్టించుకున్నాం. చీమ వాన సంగతి చెబుతుందేమో గానీ, సముద్రం మీద నాలుగు రోజుల దూరంలో ఉన్న తుఫాను ఏ తీరానికి తగులుతుందో చెప్పదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున వచ్చినప్పుడు పది వేల మంది దాకా పోయారు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ల మీదే బతికినవాళ్లు అందులో ఎందరో. వాళ్లకు ప్రకృతి తెలియక కాదు. వేళకు వచ్చి కదిలించిన మనిషి లేక. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆ సారి ముందుగా లక్షకు పైగా జనాన్ని తరలించారు. చావులు వెయ్యిలోపే ఆగాయి. వెయ్యి తక్కువేం కాదు. కానీ ఆ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాలో చీమల పాత్ర ఏమీ లేదు. మన గొప్ప చెప్పుకోవడానికి మన పిల్లలకు అబద్ధం నేర్పకూడదు.

తరలించడం అన్నంత తేలిక కాదు తరలిపోవడం. పునరావాస కేంద్రం అంటే ఎక్కువగా ఊళ్లో బడి. ఒక తుఫానుకి మేం పేట వాళ్లను వెంటబెట్టుకుని అట్లాంటి చోటికి పోతే వరండాలో ఉండమన్నారు. గదులు ఖాళీగా ఉన్నాయి. జల్లు కొడుతోంది, చంటిపిల్లలున్నారు. తరవాతి సారి పిలిస్తే ఒక ముసలాయన, మాకు వరసకు మామ, రానన్నాడు. "తడిసేది ఎక్కడైనా తడుస్తాం, ఇక్కడైతే మాట పడం" అన్నాడు. జనం ఎంత చెప్పినా కదలరండీ అని అధికారులు విసుక్కుంటారు. ఎందుకు కదలరో అందులో సగం ఈ వరండాలో ఉంది.

మిగతా సగం రొయ్యల చెరువుల దగ్గర ఉంది. రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువులకు కాపలా ఉండేది ఎక్కువగా మనవాళ్లే. అడ్వాన్సు తీసుకుని భార్యాబిడ్డలతో గట్టు మీద పాకలో ఉంటారు. తుఫాను రాత్రి చెరువు వదిలిపోతే అప్పు నెత్తిన పడుతుందని భయం. ఆ కుటుంబం ఏ పేట జాబితాలోనూ ఉండదు, ఏ వాలంటీరూ ఆ గట్టు దాకా పోడు. కరపత్రం మీద మాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. అది మాట్లాడాల్సింది కాపలావాడితో కాదు, చెరువు యజమానితో. హెచ్చరిక రాగానే కాపలా కుటుంబాన్ని పంపించాలి, జీతం కోయకూడదు అని యజమానికి చెప్పే కరపత్రం మేం ఇంతవరకూ చూడలేదు.

బంగ్లాదేశ్‌లో 1970 తుఫాను మూడు లక్షల మందికి పైగా మింగింది. ఆ తరవాత అక్కడ రెడ్ క్రీసెంట్‌తో కలిసి ఊరి మనుషులనే వాలంటీర్లుగా తయారు చేశారు. ఇప్పుడు 70 వేలకు పైగా ఉన్నారు, సగం మంది ఆడవాళ్లు. వాళ్లు జెండా ఎగరేస్తారు, మైకు పట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. హెచ్చరిక తెలిసిన గొంతులో నుంచి వస్తుంది. మన పేటల్లో చదువుకున్న పిల్లలున్నారు. వాళ్లను అడిగినవాళ్లేరీ?

తుఫాను పోయాక వచ్చే సాయం మీద కూడా ఒక మాట. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో మైదానంలో పూర్తిగా కూలిన ఇంటికి 1 లక్షా 20 వేలు, గుడిసెకు 8 వేలు. దెబ్బతిన్న ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలని కూడా అందులో ఉంది. కాలువ గట్టు మీద పాకకు అనుమతి ఎవరిస్తారు? కాబట్టి మన సిద్ధపాటు గాలివాన నాడు మొదలుపెడితే చాలదు. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం ఎండాకాలంలోనే తీయించుకోవాలి. గుడిసె నిలబడి ఉన్నప్పుడే ఫొటో తీసి పెట్టుకోవాలి. కూలిన తరవాత తీసిన ఫొటోలో ఆకులు కనిపిస్తాయి గానీ ఇల్లు కనిపించదు.

ఇదంతా తిట్టి ఊరుకుంటే మాదీ ఒక కరపత్రమే అవుతుందని, పోయినేడు వానల ముందు పిల్లల చేత కొత్తది రాయించాం. ఒక కాగితానికి ఒకే వైపు. ఎవరింటికి ఏ పిల్ల పోయి చెప్పాలో పేర్లతో రాశారు. కళ్లు కనబడని అవ్వను ఎవరు పట్టుకొస్తారో రాశారు. వలలు, బుట్టలు కట్టగట్టి బడిలో ఏ మూల పెట్టాలో రాశారు. చెరువు కాపలాకు పోయిన మూడు కుటుంబాల ఫోను నంబర్లు రాశారు. 1070, 112, 108 పెద్ద అంకెల్లో వేశారు. మూడో నంబరు, పదో నంబరు అనే మాటలు ఎక్కడా లేవు. "సార్ చెప్పినప్పుడు కాదు, మోకాలి దాకా నీళ్లు వచ్చినప్పుడు కాదు, చీకటి పడకముందే" అని ఉంది. భాషలో తప్పులున్నాయి. మేం దిద్దలేదు.

ఒక్క గీత మాత్రం ఖాళీగా ఉంది. బడి తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది అని ఏడో తరగతి అమ్మాయి రాసి, పక్కన చుక్కలు పెట్టింది. రెండు చోట్ల అడిగాం. అడిగిన ప్రతిసారీ ఇంకొకరి పేరు చెప్పారు.