బొమ్మ వేసే చేయి

తెర మీద బొమ్మ పడగానే మనం హీరోను చూస్తాం. వెనక గోడలోని గాజు కిటికీ అవతల నిలబడ్డ ఆపరేటర్ ఫోకస్‌ను చూస్తాడు. నాకు ఆ పనంటే మొదటి నుంచీ గౌరవం.

ఫిల్ము రోజుల్లో సెకనుకు 24 ఫ్రేములు. 2,000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాల్లో అయిపోయేది. తెర కుడివైపు పై మూలన చుక్క మెరవగానే రెండో ప్రొజెక్టరు మోటారు తిప్పాలి, మరో చుక్కకు బొమ్మను దాని మీదికి మార్చేయాలి. హాల్లో ఎవరికీ తెలియకూడదు. కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటే వాటి మధ్య ఎడం సరిచూసుకుంటూ, ఆ వేడిలో రోజుకు నాలుగాటలు!

తర్వాత రీళ్లు పోయాయి. హార్డ్‌డిస్కు, సర్వరు, ఫలానా తెరకు ఫలానా గడువు వరకే పనిచేసే డిజిటల్ తాళం వచ్చాయి. ఊళ్లో టాకీసు కల్యాణమండపమయ్యాక తెనాలి నుంచి గురుగ్రామ్ మల్టీప్లెక్సుకు వెళ్లిన ఆపరేటర్‌కు భాష కొత్త, తిండి కొత్త, చలి కొత్త. జినాన్ దీపం మార్చేటప్పటి జాగ్రత్త మాత్రం ఎక్కడైనా ఒకటే: బాగా చల్లారాలి, ముఖానికి కవచం, చేతులకు గ్లవ్స్ ఉండాలి. లోపలి వాయువు ఒత్తిడికి అది పేలగలదు. చెవి కూడా కావాలి. డైలాగు పెదాలకు వెనకబడిందా, ఏదైనా స్పీకరు మూగబోయిందా అన్నది మంచి ఆపరేటర్ ప్రేక్షకుడి కంటే ముందే పసిగడతాడు.

మల్టీప్లెక్సు యాజమాన్యాలకు ఒక మనవి. దేశం ఈ చివర నుంచి ఆ చివరకు రప్పించుకున్న మనిషికి మొదటి నెలల్లో థియేటర్ దగ్గరలోనే ఒక గది చూపించండి. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది.